కాన్పూర్ గిర్నీలు, మెస్టన్ రోడ్డు మిస్త్రీ

మన పత్రికలో తిరుపతి పోయివచ్చినోళ్ళు రాశారు, పండరిపురం వారీ నడిచినోళ్ళు రాశారు, కాశీ గురించి అయితే ముగ్గురు రాశారు. నేను పోయింది కాన్పూర్. అది యాత్రకు పోయే ఊరు కాదు, గిర్నీల ఊరు. మన సోలాపూర్ లెక్కనే ఒకప్పుడు పొద్దున భోంగా కూస్తే లేచి, రాత్రి భోంగాకు పండుకున్న ఊరు. అందుకే మనోళ్ళకు చెప్పాలనిపించింది. నాకు నాలుగో తరగతి చదువే ఉంది, రాతలో వంకర ఉంటే సర్దుకొని చదవండి.

మా లూమ్ షెడ్డులో ఒక జాబర్ ఉండేవాడు, కాన్పూర్ దిక్కు మనిషి. అందరం ఆయన్ని భయ్యాజీ అనే పిలిచేవాళ్ళం. నాకంటే నాలుగేండ్లు పెద్ద. నేను బదిలీ పనికి చేరినప్పుడు సాంచా టైమింగు కట్టడం నాకు నేర్పింది ఆయనే. పికింగు ఎప్పుడు మొదలవ్వాలి, నాడె పెట్టెలోకి ఎప్పుడు చేరాలి, పన్నె ఎప్పుడు దెబ్బ కొట్టాలి, ఇవన్నీ చెవితో వినమనేవాడు. "చూడకు, విను" అనేవాడు. సాంచా బాగుంటే దాని చప్పుడులో తాళం తప్పదు. తప్పితే ఎక్కడో నట్టు వదులైందన్నట్టు.

తొంభైలలో గిర్ని మూతపడింది. నేను మన పూర్వ భాగంలోనే పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, తువ్వాళ్ళు నేసుకుంటూ అరవై దాకా ఈడ్చాను. భయ్యాజీ ఊరికి పోయాడు. మా లెక్క డబ్బు కోర్టులూ లిక్విడేటరూ తిరిగి తిరిగి చేతికి వచ్చేసరికి చాలామందికి జుట్టు తెల్లబడింది, కొందరికి మనిషే లేడు. నా వంతు చిన్నమ్మాయి పెండ్లికి పోయింది. భయ్యాజీ వంతు ఎటు పోయిందో నాకు కాన్పూర్ పోయేదాకా తెల్వదు.

పోయిన చలికాలం ఆయన మనుమడి పుట్టు వెంట్రుకలు తీసే వేడుకకు రమ్మని ఫోన్ చేశాడు. "అన్నా, ఇప్పుడు రాకపోతే మళ్ళీ ఒకరినొకరం ఫోటోలో చూసుకోవాలి" అన్నాడు. సోలాపూర్‌లో ఉన్నన్ని దినాలు మన అన్నా అనే మాట పట్టుకున్నాడు, ఇంకా వదల్లేదు. రెండు చద్దర్లు కట్టుకొని కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ముసలోళ్ళకు రైలు టికెట్టులో రాయితీ ఉండేది కదా, కరోనా కాలంలో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు. ఝాన్సీలో దిగి బండి మారి, ఒరై మీదుగా కాన్పూర్. ఝాన్సీ దాటినాక పొగమంచు. కిటికీ అవతల ఏమీ కనబడదు, తెల్లటి పత్తి దూదిలో పోతున్నట్టే ఉంది. బండి నాలుగు గంటలు లేటు. నేను తెచ్చుకున్న జొన్నరొట్టె, పల్లికారం బోగీలో ఎదురుగా కూర్చున్న పిల్లలు సగం తిన్నారు. మంచిదే, బరువు తగ్గింది.

మరునాడు భయ్యాజీ నన్ను లాల్ ఇమ్లీ చూపించడానికి తీసుకుపోయాడు. లాల్ ఇమ్లీ అంటే ఎర్ర చింత. ఆవరణలో అట్లాంటి చింతచెట్టు ఉండేదని ఆ పేరు. 1876లో పెట్టిన ఉన్ని గిర్ని అది. ఎర్ర ఇటుకల గోడలు, కోట లెక్క బురుజులు, మూలకు గడియార స్తంభం. మన ఇంట్లో పెద్దోళ్ళు లాల్ ఇమ్లీ శాలువా అని గొప్పగా చెప్పేవాళ్ళు, ఆ పేరు అక్కడిదే. గేటు ముందర నిలబడితే లోపల చెట్లు మొలిచి కనబడ్డాయి. వాచ్‌మన్ లోపలికి రానియ్యలేదు. భయ్యాజీ గేటు ఊచలు పట్టుకొని లోపలికి చూస్తున్నాడు. "మా బాబాయి ఇక్కడ స్పిన్నింగులో ఉండె" అన్నాడు, అంతే.

ఇది ఒక్కటే కాదు. ఎల్గిన్ మిల్లు అంతకంటే పాతది, 1860లలోది. మ్యూర్ మిల్లు, స్వదేశీ కాటన్ మిల్లు, ఇట్లా వరసగా. కాన్పూర్‌ను మాంచెస్టర్ అనేవాళ్ళు, మన సోలాపూర్‌ను కూడా అనేవాళ్ళు. దేశంలో ఎన్ని మాంచెస్టర్లు ఉండేవో, ఒక్కటి కూడా మిగల్లేదు. స్వదేశీ మిల్లు దగ్గర 1977 డిసెంబరులో జీతాల కోసం కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. అప్పుడు నేను కొత్తగా పనిలో ఉన్నాను. మా గేటు దగ్గర యూనియనోళ్ళు సభ పెట్టి చెప్పింది గుర్తుంది. ఇప్పుడు ఆ రోడ్డు మీద భయ్యాజీతో ఈ-రిక్షాలో పోయాను. చాట్ బండ్లు, మొబైల్ దుకాణాలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

భయ్యాజీ కొడుకు ఒక నగల దుకాణంలో గార్డు. మామూలు గార్డు కాదు, సొంత లైసెన్సు, సొంత రివాల్వర్ ఉన్న గార్డు. ఆయుధం లేనివాడికంటే జీతం ఎక్కువ. ఆ రివాల్వర్ కొన్నది దేనితో అనుకున్నారు? మన గిర్ని లెక్క డబ్బుతో. పంతొమ్మిదేండ్లు నేసిన చెమట అంతా ఆరు గుండ్ల ఇనుప ముక్కలోకి పోయిందని ఆ రాత్రి తెలిసింది. నాకు కొంచెం కోపం వచ్చింది. ఆ పైసలతో ఒక గది కట్టుకోవచ్చు కదా అన్నాను. "గది కడితే అద్దె వస్తది, ఇది నౌకరీ తెచ్చింది" అన్నాడు. ఆ దిక్కు లెక్కలు వేరు. అక్కడ పొలం ఉన్న ఇంట్లో దునాలీ తుపాకి గోడకు వేలాడడం కొత్త కాదు. మన దిక్కు పెండ్లికి టేపు రికార్డర్ ఇచ్చినట్టు అక్కడ లైసెన్సు గురించి మాట్లాడుకుంటారు. కోడలికి మాత్రం అది ఇంట్లో ఉండడం ఇష్టం లేదు. పిల్లవాడు నడక నేర్చినప్పటి నుంచి ఇనుప పెట్టెకు రెండు తాళాలు వేయిస్తోంది. ఒక తాళంచెవి ఆమె కొంగుకే ఉంటది.

ఆ రివాల్వర్ కూడా కాన్పూర్‌లోనే పుట్టింది. ఆర్మాపూర్ దిక్కు సర్కారు చిన్న ఆయుధాల ఫ్యాక్టరీ ఉంది, పాయింట్ 32 రివాల్వర్ అక్కడ చేస్తారు. వెబ్లీ అనే ఇంగ్లీషు రివాల్వర్ నమూనా మీద చేసింది. పైన మీట నొక్కితే మధ్యలో విరిగి తెరుచుకుంటది, కాలిన ఖాళీ డబ్బాలు తమంతట తామే పైకి లేస్తాయి. ఇదే దాంట్లో ఆడోళ్ళ కోసమని తేలికది ఒకటి 2014లో తెచ్చారు, నిర్భీక్ అని పేరు, ధర లక్షకు పైమాటే. ఏ ఆడకూలి కొంటదో నాకు తెల్వదు. ఈ సర్కారు ఫ్యాక్టరీలు నలభై ఒకటి ఉండె, 2021లో ఏడు కంపెనీలుగా విడగొట్టారు. అక్కడి కార్మికులు వద్దని కొట్లాడారు. ఈ కథ మనకు కొత్త కాదు.

సరే, ఆ రివాల్వర్‌కు వచ్చిన రోగం ఏమిటంటే, లోక్‌సభ ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ జమ చేయమంటారు. జమ చేశారు. నెలలకు తిరిగి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ట్రిగ్గర్ గుంజుతుంటే రాయిలా ఉంది, ఒక్కోసారి గుండ్ల చక్రం సగం తిరిగి ఆగుతోంది. దుకాణం సేఠ్‌కు ఎవరో చెప్పారు. "పని చేయని తుపాకికి నేను జీతం ఎందుకియ్యాలి? నెలాఖరుకు బాగుచేయించు, లేకుంటే వేరేవాడిని చూసుకుంటా" అన్నాడట. వేడుక ముందర ఇంట్లో ఎవరి మొహం చూసినా ఇదే గుబులు. వేడుక అయిన మరునాడు ముగ్గురం మెస్టన్ రోడ్డుకు పోయాం.

మెస్టన్ అంటే ఇంగ్లీషోళ్ళ కాలంలో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా చేసిన దొర. ఆ రోడ్డు మీద తోలు చెప్పులు, బెల్టుల దుకాణాలు, వాటి మధ్యలో తుపాకుల దుకాణాలు. కాన్పూర్ తోలుకు పెట్టింది పేరు కదా. మన దగ్గర చద్దర్ల దుకాణాలు ఎట్లా వరసగా ఉంటాయో అక్కడ తుపాకుల దుకాణాలు అట్లా. అద్దాల బీరువాలో నిలువుగా పెట్టిన దునాలీలు, గోడకు జింక కొమ్ములు. బయట టీ బండి. నాకైతే లోపలికి పోతుంటే కాళ్ళు వెనక్కి లాగాయి. జన్మలో తుపాకిని పోలీసు చంకలో తప్ప దగ్గరగా చూసింది లేదు.

దుకాణం వెనక చిన్న అర. అందులో మిస్త్రీ. డెబ్బయి దాటి ఉంటాడు, తలకు ఉన్ని టోపీ, మెడకు మఫ్లర్, కళ్ళద్దాలకు ఒక దిక్కు దారం కట్టుకున్నాడు. మొదట లైసెన్సు పుస్తకం అడిగాడు. నంబరు చూశాడు, రివాల్వర్ మీద కొట్టిన నంబరుతో కలిపి చూశాడు, దుకాణం గుమాస్తాతో రిజిస్టరులో రాయించాడు. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే తేవాలి, తండ్రి తెచ్చినా తీసుకోనన్నాడు. బాగుచేసే దుకాణానికీ సర్కారు లైసెన్సు ఉండాలట. రిజిస్టరు నింపేదాకా ఆయన చెయ్యి దాని మీద పెట్టలేదు. తరవాత తెరిచి, ఆరు గదులూ ఖాళీ అని కళ్ళతో చూసి, మళ్ళీ చిటికెన వేలు పెట్టి చూసి, అప్పుడు పనిలో దిగాడు. ఆ కుర్రవాడు ఖాళీగానే తెచ్చానని చెప్పినా వినలేదు.

ఇక అక్కడి నుంచి నాకు భయం పోయి సంబరం మొదలైంది. ఎందుకో చెప్తాను.

మిస్త్రీ ఘోడాను, అంటే వెనక కొట్టే సుత్తిని, బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగాడు. చక్రం మీద రెండో చెయ్యి వేలు ఆనించి కొంచెం బిగపట్టాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. చక్రం తిరిగింది, ఘోడా పూర్తిగా వెనక్కి పోయి టక్కుమని ఆగింది, కానీ చక్రం తాళం పడిన చప్పుడు రాలేదు. మళ్ళీ తిప్పాడు. ఆరు గదుల్లో రెండు అట్లాగే. నేను భయ్యాజీ మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఇది మన టేకప్ మోషనే!

సాంచా మీద పనిచేసిన అక్కలకు, అన్నలకు చెప్పనక్కర్లేదు. పన్ను చక్రం, దాన్ని ఒక్కో పన్ను ముందుకు నెట్టే కుక్క. ఒక్కో పోగు పడినప్పుడు కుక్క ఒక పన్ను నెడితే బట్ట ఆ మేరకు చుట్టుకుంటది. కుక్క మూతి అరిగితే పన్ను సగమే నెడతది, బట్ట సాంద్రం తప్పి పట్టీ పడతది, కోర గుడ్డ అని కోత పెడతారు. రివాల్వర్ లోపల కూడా అదే. ట్రిగ్గర్ గుంజితే ఒక చిన్న ఉక్కు వేలు పైకి లేచి చక్రం వెనకనున్న పన్నును నెడతది. ఒక గది నాళి ఎదురుకు సరిగ్గా రావాలి, కింద నుంచి ఒక గడియ లేచి గాడిలో పడి చక్రాన్ని బిగించాలి, ఆ తరవాతనే ఘోడా పడాలి. ఇదంతా ఒక వరస. వరస తప్పితే బట్టలో పట్టీ పడదు, గుండు నాళి అంచుకు తగులుతది. భయ్యాజీ ఇది మిస్త్రీకి చెప్తే ఆయన పని ఆపి నవ్వాడు. "గిర్ని మనుషులా! ముందే చెప్పొద్దా బడే భాయి, స్టూలు ఇచ్చేవాణ్ణి" అన్నాడు. స్టూళ్ళు వచ్చాయి, టీ వచ్చింది.

నాళి వెనక మూతి దగ్గర దీపం పెట్టి చూపించాడు. ఒక దిక్కు సీసం పొరలుగా అంటుకొని ఉంది. "మీ అబ్బాయి సాధనకు కాల్చినప్పుడు గుండు అంచు చెక్కుకుంటూ పోయింది. ఆ చెక్కు పక్కలకు ఎగిరుంటది" అన్నాడు. కుర్రవాడు తన బుగ్గ తడుముకున్నాడు. పోయిన ఏడు కాల్చినప్పుడు ఏదో చురుక్కుమందట, నిప్పురవ్వ అనుకున్నాడట. భయ్యాజీ స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, టీ చల్లారిపోయింది. సేఠ్ నౌకరీ తీస్తాడని అందరూ భయపడుతున్నారు, కన్ను పోయేదన్న సంగతి ఎవరికీ తెల్వదు.

పని నాలుగు దినాలు పట్టింది. తుపాకి దుకాణంలోనే ఉంచి రసీదు ఇచ్చారు. నేను, భయ్యాజీ రోజూ మధ్యాహ్నం పోయి కూర్చునేవాళ్ళం. చేసేది ఏముంది, ఇద్దరం రిటైరు మనుషులం. మిస్త్రీ పాత ఉక్కు వేలు తీసేసి, కొత్తది కొంచెం పొడుగుది తెచ్చాడు. ఆకురాయితో రెండు రుద్దులు, పెట్టి చూడడం, తీసి మళ్ళీ రెండు రుద్దులు. ఎక్కువ రుద్దితే ముక్క పారెయ్యాల్సిందే, రుద్దింది తిరిగి రాదు. పొడుగ్గా వదిలితే ట్రిగ్గర్ మధ్యలో ఇరుక్కుంటది. చక్రానికీ నాళికీ మధ్య సందు ఫీలర్ గేజీతో కొలిచాడు. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన ఆరు వచ్చింది, బాగుందన్నాడు. అతి తక్కువుంటే మసి పట్టి చక్రం తిరగదు, ఎక్కువుంటే మంట పక్కకు కొడతది. తరవాత నాళిలో నుంచి సన్నటి ఇత్తడి కడ్డీ దింపి, ఆరు గదుల్లోకీ తగలకుండా పోతుందా అని చూశాడు. రింగు ఫ్రేములో స్పిండిల్ గేజీ పెట్టి కదురు నడుమకు ఉందా అని చూస్తామే, అచ్చం అదే పని.

ట్రిగ్గర్ బరువు సంగతి వేరే ముచ్చట. స్ప్రింగు కాటాకు కొక్కెం తగిలించి ట్రిగ్గర్‌ను గుంజితే ఆరు కిలోల పైన చూపించింది. కుర్రవాడు "చాచా, పువ్వులా చేసియ్యండి, వేలు పెడితే పడాలి" అన్నాడు. మిస్త్రీకి కోపం వచ్చింది. "పువ్వు కావాలంటే పూలంగడికి పో. ఇది పహరా తుపాకి. రద్దీలో నిలబడతావు, చెయ్యి వణుకుతది, ఎవడో భుజం తగిలిస్తాడు" అన్నాడు. స్ప్రింగు కోసి మెత్తగా చేసే మిస్త్రీలు ఉన్నారట. అట్లా చేస్తే ఘోడా దెబ్బ బలం తగ్గి, తూటా వెనక మందు అంటుకోక తుస్సుమంటది. ఈయన స్ప్రింగును ముట్టనే లేదు. ఒకదాన్నొకటి రాసుకునే తావులను మాత్రం నూనె సాన మీద అద్దంలా నునుపు చేశాడు. అది కూడా పైపైనే. ఉక్కు మీద గట్టిపరిచిన పొర సన్నగా ఉంటది, అది పోతే కింద మెత్తటి ఇనుము, నెలల్లో అరిగిపోతది. చివరికి కాటా అయిదు కిలోల దగ్గర ఆగింది. అంత తేడానేనా అనుకున్నాను. కానీ ఖాళీ తుపాకిలో ఉత్త డబ్బాలు పెట్టి గుంజితే, ముందు గరగర గుంజినట్టున్నది ఇప్పుడు వెన్నలో కత్తి పోయినట్టు పోయింది. నా చేతికి ఇవ్వబోతే వద్దన్నాను. విన్నాను, చాలు. చక్రం తాళం పడ్డ చప్పుడు, తరవాత ఘోడా చప్పుడు. రెండూ విడివిడిగా, వరసగా.

మూడో దినం ఒక మాట అడిగాను. ఈ ఫీలర్ గేజీ, ఆ వైసు, ఆ ఆకురాళ్ళు ఎక్కడివని. వైసు తిప్పి అడుగు చూపించాడు. అక్కడి ఒక గిర్ని పేరు మొదటి అక్షరాలు కొట్టి ఉన్నాయి. మూతపడ్డాక స్క్రాపులో వేలం వేస్తే కిలోల లెక్కన కొన్నాడట. మన గిర్ని యంత్రాలను కూడా గ్యాసు కట్టర్లతో కోసి లారీల్లో వేసింది నేను చూశాను. వాటిలో ఒక్క వైసన్నా ఎవరైనా మిస్త్రీ చేతికి చేరిందో, అన్నీ కొలిమికే పోయాయో. ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఉన్నారా అంటే, ఒక మనుమడు ఉండె, ఇప్పుడు మొబైల్ రిపేరుకు పోతున్నాడన్నాడు. లైసెన్సులు తగ్గించారు, 2019లో చట్టం మార్చి ఒకరికి రెండుకు మించి ఆయుధాలు ఉండొద్దన్నారు, పని తగ్గింది. తగ్గితే మంచిదే కదా అన్నాను నేను. నాకు అనిపించింది అన్నాను. "ఇవి తగ్గితే మంచిదే. చెడిపోయినవి ఇంట్లో ఉంటే మాత్రం మంచిది కాదు" అన్నాడు, పని మీద నుంచి తల ఎత్తకుండానే.

బిల్లు రెండు వేల ఎనిమిది వందలు అయింది. భయ్యాజీ బేరం ఆడలేదు. సోలాపూర్‌లో కూరగాయల అవ్వ దగ్గర రూపాయికి గంట బేరం ఆడే మనిషి! నేను తెచ్చిన రెండో చద్దరు ఆయన ఇంట్లో పెట్టమని ఇచ్చినది. అది తీసి మిస్త్రీ భుజం మీద కప్పాడు. నాతో ఒక మాట అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. మిస్త్రీ చద్దరు అంచు తిప్పి నేత చూశాడు, వేళ్ళతో నలిపాడు. పనివాడు పనివాడి సరుకును ఎట్లా చూస్తాడో మీకు తెలుసు.

పక్క దుకాణంలో మంచి తోలు కవరు ఒకటి కుర్రవాడికి నచ్చింది. మిస్త్రీ కొననిచ్చాడు కానీ, "డ్యూటీలో నడుముకు కట్టుకో, ఇంట్లో మాత్రం దాంట్లో పెట్టకు. తోలు తడిని పట్టుకుంటది, తుప్పు అక్కడి నుంచే వస్తది. జమ చేసేటప్పుడు నూనె పట్టించి పాత నూలు గుడ్డలో చుట్టి ఇయ్యి" అన్నాడు. పోయినసారి తోలు కవరులోనే జమ చేశాడట ఈ పిల్లవాడు.

పోయిన వారం భయ్యాజీ ఫోన్ చేశాడు. నౌకరీ నిలబడింది. సేఠ్ అయిదు వందలు జీతం పెంచుతానన్నాడు, ఇంకా పెంచలేదు. కోడలు మూడో తాళం తెచ్చింది. మళ్ళీ ఏవో ఎన్నికలు వస్తున్నాయట, తుపాకి జమ చేయాలేమో అంటున్నారు. చుట్టడానికి గుడ్డ ఉందా అని అడిగాను. నేను పోయేటప్పుడు రొట్టెలు కట్టుకుపోయిన మన సోలాపూర్ తువ్వాల అక్కడే మర్చిపోయానట, ఉతికి దాచాడట.